థర్డ్ పర్సన్: రూల్ వచ్చినా రాసేటప్పుడు ‘ఎస్’ ఎందుకు జారిపోతుంది?

ప్రశ్న: నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. డిగ్రీ అయిపోయింది. ఇప్పుడు గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్నాను. జనరల్ ఇంగ్లిష్ క్వాలిఫైయింగ్ పేపరే అయినా దాని దగ్గరే భయం. హి, షి, ఇట్ వస్తే వెర్బ్‌కు ఎస్ చేర్చాలని చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ ఒక పేజీ రాస్తే నాలుగైదు చోట్ల మరిచిపోతున్నాను, లేదంటే అక్కర్లేని చోట పెట్టేస్తున్నాను. ప్రెసీని, అంటే ఇచ్చిన పేరాను మూడో వంతుకు కుదించి రాసేదాన్ని, థర్డ్ పర్సన్‌లో రాయాలంటున్నారు. ‘ఐ’ ఉన్నచోటల్లా ‘హి’ అని మారిస్తే సరిపోతుందా? దయచేసి వివరంగా చెప్పండి.
— ఒక పాఠకురాలు, జగిత్యాల

సమాధానం: రూల్ మీకు వచ్చు. చేతికి అలవాటు కాలేదంతే. అందుకు కారణం కూడా ఉంది. తెలుగులో వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు అని మనిషి మారినప్పుడల్లా క్రియ తోక మారుతుంది. ‘వెళ్తాడు’ అంటే చాలు, ‘అతను’ అని విడిగా చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఐ గో, యు గో, వి గో, దే గో అన్నీ ఒకే తీరు. ఒక్క హి, షి, ఇట్ దగ్గరే ‘గోస్’. పైగా ఆ ఎస్ కొత్త అర్థమేమీ ఇవ్వదు. ‘హి గో’ అన్నా ఎదుటివాళ్లకు విషయం అర్థమైపోతుంది. అర్థం దెబ్బతినని తప్పును మనసు దానంతటది పట్టుకోదు. కాబట్టి రూల్‌ను పదోసారి చదవడం వల్ల లాభం లేదు. ఎక్కడ చూడాలో తెలుసుకుని, రాసిన తర్వాత ఆ చోట్లు వెతకాలి.

ముందుగా పేర్ల గొడవ తేల్చుకుందాం. మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే అతను, ఆమె, అది, వారు. ఇంగ్లిష్ ఫస్ట్ పర్సన్ మనకు ఉత్తమ పురుష అవుతుంది. ‘ప్రథమ’ అనే మాట చూసి ఫస్ట్ పర్సన్ అనుకుంటే లెక్క తలకిందులవుతుంది. గ్రామర్ పుస్తకాలు తెలుగు వివరణలతో చదివేవాళ్లు ఇక్కడ తరచూ పొరబడతారు.

ఇక అసలు విషయం. మాట్లాడేవాళ్లు, వినేవాళ్లు పోగా మిగిలిన మనుషులు, వస్తువులు, ఊళ్లు, ఆలోచనలు అన్నీ థర్డ్ పర్సనే. బళ్లో ‘హి, షి, ఇట్’ అని మూడు మాటలు బట్టీ పట్టిస్తారు గనుక రాసేటప్పుడు కన్ను ఆ మూడింటి కోసమే వెతుకుతుంది. నిజానికి మీరు రాసే వ్యాసంలో హి, షి తక్కువే. ద గవర్నమెంట్, ద స్కీమ్, వాటర్, ఎడ్యుకేషన్, లెర్నింగ్ ఇంగ్లిష్ లాంటివే సబ్జెక్ట్‌లుగా వస్తాయి. మీరు మరిచిపోతున్న నాలుగైదు చోట్లు చూసుకోండి, చాలావరకు ఇలాంటి నౌన్‌ల తర్వాతే ఉంటాయి. ‘హి గో’ అని మీరు రాసి ఉండరు. ‘ద స్కీమ్ హెల్ప్ పూర్ ఫార్మర్స్’ అని రాసి ఉంటారు.

దీనికి మందు ఒకటే. వెర్బ్ దగ్గర ఆగి ‘ఎవరు?’, ‘ఏది?’ అని అడగండి. వచ్చిన జవాబు స్థానంలో ఒక ప్రొనౌన్ పెట్టి చూడండి. ద స్కీమ్ అంటే ఇట్, కాబట్టి హెల్ప్స్. ద ఫార్మర్స్ అంటే దే, కాబట్టి హెల్ప్. లెర్నింగ్ ఇంగ్లిష్ అంటే ఇట్, కాబట్టి టేక్స్ టైమ్. ఇక్కడ ఇంకో మెలిక గమనించండి. నౌన్‌కు ఎస్ చేరితే బహువచనం, వెర్బ్‌కు ఎస్ చేరితే ఏకవచనం. ‘ద బాయ్స్ ప్లే’, ‘ద బాయ్ ప్లేస్’. మామూలుగా ఎస్ రెంటిలో ఒకదానికే వస్తుంది. రెంటికీ కనిపించినా, రెంటికీ లేకపోయినా ఒకసారి ఆగి చూడండి. ‘చిల్డ్రన్’, ‘పీపుల్’, ‘పోలీస్’ ఎస్ లేకుండానే బహువచనాలు కాబట్టి వాటి వెర్బ్‌కూ ఎస్ రాదు. ‘న్యూస్’, ‘మ్యాథమెటిక్స్’ చివర ఎస్ ఉన్నా ఏకవచనాలే కాబట్టి ‘న్యూస్ ట్రావెల్స్ ఫాస్ట్’ అనాలి.

సబ్జెక్ట్ పొడవుగా ఉన్నప్పుడు ‘ఎవరు?’కు జవాబు దొరకడమే కష్టం. ‘ద లిస్ట్ ఆఫ్ సెలెక్టెడ్ క్యాండిడేట్స్’ తర్వాత ఏం రాస్తారు? వెర్బ్ పక్కన ‘క్యాండిడేట్స్’ కనిపిస్తోంది కాబట్టి చెయ్యి ‘ఆర్’ వైపు పోతుంది. నోటీసు బోర్డుపై అంటించింది జాబితాను, అభ్యర్థులను కాదు. ‘ఆఫ్’ నుంచి మొదలయ్యే ముక్కను పెన్సిల్‌తో కొట్టేయండి. మిగిలింది ‘ద లిస్ట్’, అంటే ఇట్, అంటే ఈజ్. ‘ద ప్రైస్ ఆఫ్ టొమాటోస్ రైజెస్’, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్స్ ఇన్ వరంగల్’, ‘ఈచ్ ఆఫ్ ద విలేజెస్ హ్యాజ్ ఎ ట్యాంక్’ అన్నీ ఇదే కోవ. ‘ద మినిస్టర్, అలాంగ్ విత్ ద అఫీషియల్స్, విజిట్స్’ అనే వాక్యంలో కామాల మధ్య ఉన్నదాన్ని కూడా అలాగే కొట్టేయాలి. ఎవ్రీవన్, ఎవ్రీబడీ, నోబడీ, సమ్‌వన్ అర్థంలో ఎంతమందిని కలుపుకున్నా వ్యాకరణంలో ఒక్కరే. కొట్టివేత పనిచేయని జంట ఒకటుంది, దాన్ని మాత్రం గుర్తు పెట్టుకోవాలి. ‘ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ రైజింగ్’ అంటాం, అక్కడ మాట సంఖ్య గురించి. ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ ఆబ్సెంట్’ అంటాం, ఇక్కడ ‘చాలామంది విద్యార్థులు’ అని అర్థం. తప్పులు గుర్తించే ప్రశ్నల్లో పరీక్షల వాళ్లకు ఇష్టమైన ఉచ్చు ఇది.

హూ, విచ్, దట్ వచ్చినప్పుడు వాటి ముందున్న నౌన్‌ను చూడాలి. ‘ద ఫార్మర్ హూ గ్రోస్ చిల్లీస్’, ‘ఫార్మర్స్ హూ గ్రో చిల్లీస్’.

అక్కర్లేని చోట ఎస్ పెడుతున్నానన్నారు. అది ఎక్కువగా రెండు వెర్బ్‌లు కలిసి వచ్చినప్పుడు జరుగుతుంది. ఒక వెర్బ్ గుంపులో ఆ ఎస్‌కు ఒక్కసారే చోటుంటుంది. ప్రశ్నలోనో, ‘నాట్’తోనో ‘డజ్’ వచ్చిందంటే ఎస్‌ను అది తీసేసుకుంది. అసలు వెర్బ్‌కు ఇక మిగలదు. ‘డజ్ షి వర్క్?’, ‘హి డజ్ నాట్ నో’. ‘హి డోంట్ నో’ ఎంత తప్పో ‘హి డజ్ నాట్ నోస్’ అంతే తప్పు. కెన్, విల్, మే, మస్ట్, షుడ్ ఎవరితోనూ మారవు, వాటి తర్వాత వచ్చే వెర్బ్ కూడా మారదు: ‘షి కెన్ స్పీక్’. ‘టు’ తర్వాత కూడా అంతే: ‘హి వాంట్స్ టు గో’. లెట్, మేక్, సీ లాంటివాటి తర్వాత మధ్యలో మనిషి వచ్చినా రెండో వెర్బ్ మూలరూపంలోనే ఉంటుంది: ‘మేక్ హిమ్ రీడ్’, ‘లెట్ హర్ స్పీక్’. సిఫారసులు రాసేటప్పుడు ‘ద కమిటీ రికమెండ్స్ దట్ ద కలెక్టర్ విజిట్ ద సైట్’ అంటాం. అక్కడ ‘విజిట్స్’ రాదు, ఎందుకంటే అది జరుగుతున్న పని కాదు, జరగాలని కోరుతున్న పని. రిపోర్టులు రాసేవాళ్లకు ఈ వాక్యం బాగా పనికొస్తుంది.

పాస్ట్ టెన్స్‌లో ఈ బెడద దాదాపు లేదు. హి వెంట్, దే వెంట్. వాజ్, వర్ తేడా ఒక్కటే చూసుకుంటే చాలు.

స్పెల్లింగ్ మీద ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు. ఎస్, ఎస్‌హెచ్, సీహెచ్, ఎక్స్, ఓలతో ముగిసే వెర్బ్‌లకు ఈఎస్ వస్తుంది: పాసెస్, వాషెస్, వాచెస్, ఫిక్సెస్, గోస్. వై ముందు హల్లు ఉంటే వై పోయి ఐఈఎస్ వస్తుంది: స్టడీ, స్టడీస్. వై ముందు అచ్చు ఉంటే వై అలాగే ఉంటుంది: ప్లే, ప్లేస్. ‘హావ్’ మాత్రం ‘హ్యాజ్’గా మారుతుంది. దీనికంటే పలకడం మీద శ్రద్ధ పెట్టండి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకని ఇంగ్లిష్ మాట చివర రెండు మూడు హల్లులు వరుసగా వస్తే మన నోరు చివరిదాన్ని మింగేస్తుంది. ఆస్క్స్, కాస్ట్స్, టెస్ట్స్, హెల్ప్స్ అనేవాటిని పైకి చదివి చూడండి. నోట్లో మింగిన ఎస్ కలంలోకీ దిగదు. ఎస్ ధ్వని కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ‘వర్క్స్’లో అది ‘స్’, ‘రీడ్స్’లో ‘జ్’కు దగ్గర, ‘వాచెస్’లో ‘ఇజ్’. ‘సే’కు ఎస్ చేరితే పలకాల్సింది ‘సెజ్’ అని, ‘సేస్’ అని కాదు.

మర్యాద గురించి రెండు మాటలు. మనం ‘సార్ వచ్చారు’, ‘నాన్నగారు చెబుతారు’ అంటాం. ఒక్క మనిషికే బహువచన క్రియ వాడి గౌరవం చూపిస్తాం. ఆ అలవాటుతో ‘అవర్ ప్రిన్సిపాల్ హావ్ టోల్డ్’, ‘మై ఫాదర్ వర్క్ ఇన్ ఆర్టీసీ’ అని వచ్చేస్తుంటుంది. ఇంగ్లిష్‌లో వెర్బ్‌కు గౌరవం మోసే పని లేదు. రాష్ట్రపతి అయినా ‘హ్యాజ్’, ‘ఈజ్’, ‘సేస్’ అనే రాయాలి. తండ్రిని, గురువును ‘హి’ అనడం అగౌరవమేమోనని చాలామంది లోపల్లోపల జంకుతారు. వాడు, అతడు, ఆయన, వారు అందరికీ ఇంగ్లిష్‌లో ఉన్నది ఆ ఒక్క మాటే, ధైర్యంగా వాడండి. మర్యాద చూపాలంటే పేరుకు ముందు మిస్టర్, డాక్టర్, ప్రొఫెసర్, జస్టిస్ లాంటి బిరుదులున్నాయి.

అలాగే ‘ఇట్’ను వదిలేయకండి. వర్షం పడుతోంది, ఆలస్యమైంది, కష్టంగా ఉంది అని మనం కర్త లేకుండా మాట్లాడతాం. ఇంగ్లిష్ వాక్యానికి సబ్జెక్ట్ ఉండి తీరాలి. ‘ఇట్ ఈజ్ రైనింగ్’, ‘ఇట్ ఈజ్ లేట్’, ‘ఇట్ ఈజ్ డిఫికల్ట్ టు సే’. ‘ఈజ్ డిఫికల్ట్’ అని మొదలుపెట్టిన వాక్యం మీ పేపర్‌లో కనిపిస్తే దాని ముందు ఇట్ తప్పిపోయిందన్నమాట.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వద్దాం. ‘ఐ’ తీసి ‘హి’ పెడితే సరిపోదు. ఎందుకో చూడాలంటే ముందు ఒకరి మాటను ఇంకొకరు చెప్పే పద్ధతి దగ్గర ఆగాలి.

తెలుగులో ‘రేపు నేను వస్తానని సీత చెప్పింది’ అంటే వచ్చేది సీతే. కొంచెం జాగ్రత్తగా ‘తాను వస్తానని’ అన్నా క్రియ మాత్రం ‘వస్తాను’ అనే ఉత్తమ పురుషలోనే ఉండిపోతుంది. ‘అని’ అనే చిన్న మాట మొత్తం బాధ్యత తీసుకుంటుంది. దాన్నే మక్కికి మక్కి దించితే ‘సీత సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అవుతుంది. ఇంగ్లిష్ చదివేవాళ్లకు దానర్థం, వచ్చేది మీరని, ఆ మాట సీత అన్నదని. సరైన వాక్యం ‘సీత సెడ్ దట్ షి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే’. ఏమేం మారాయో చూడండి. ఐ కాస్తా షి అయింది, విల్ వుడ్ అయింది, టుమారో ద నెక్స్ట్ డే అయింది. ‘హియర్’ ఉంటే ‘దేర్’ అయ్యేది. మాటలో ‘యు’ ఉంటే అది ఎవరితో అన్న మాటో చూసి హిమ్, హర్, దెమ్, మి లలో ఒకటి ఎంచుకోవాలి. ఇక్కడే ఇంకో జాగ్రత్త: ‘సెడ్ దట్’ సరిపోతుంది, ‘టోల్డ్’ అంటే మాత్రం ఎవరితో అన్నారో వెంటనే చెప్పాలి. ‘షి టోల్డ్ మి దట్’ అనాలి, ‘షి టోల్డ్ దట్’ తప్పు.

ప్రెసీలో ఇదంతా పనికొస్తుంది గానీ అక్కడితో ఆగదు. ఒక చిన్న పేరా తీసుకుందాం. ‘ఐ హావ్ టాట్ ఇన్ విలేజ్ స్కూల్స్ ఫర్ ట్వెంటీ ఇయర్స్, అండ్ ఐ టెల్ యు దిస్. అవర్ చిల్డ్రన్ డు నాట్ ఫియర్ సైన్స్. దే ఫియర్ ద టెక్స్ట్‌బుక్. గివ్ దెమ్ ఎ మ్యాగ్నెట్ అండ్ ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ శాండ్, అండ్ యు విల్ సీ దెమ్ లర్న్.’ మొత్తం 39 మాటలు. మూడో వంతు అంటే 13 మాటల దగ్గరకు రావాలి.

ప్రొనౌన్‌లు మాత్రమే మారిస్తే ఇలా మొదలవుతుంది: ‘హి సెడ్ దట్ హి హ్యాడ్ టాట్ ఇన్ విలేజ్ స్కూల్స్ ఫర్ ట్వెంటీ ఇయర్స్ అండ్ హి టోల్డ్ దెమ్...’ ఈ ‘హి’ ఎవరు? పేరాలో మాట్లాడిన మనిషి ఆడో మగో మనకు తెలియదు. ఈ ‘దెమ్’ ఎవరు? వింటున్నవాళ్లా, పిల్లలా? పైగా ఒక్క మాటా తగ్గలేదు. థర్డ్ పర్సన్‌లోకి మార్చడమంటే ముందు మాట్లాడిన మనిషికి ఒక పేరు పెట్టడం. ప్రసంగమైతే ద స్పీకర్, వ్యాసమైతే ద రైటర్ లేదా ది ఆథర్. ఇక్కడ బడి విషయం ఉంది కాబట్టి ఎ టీచర్ అనొచ్చు. ‘ఐ టెల్ యు దిస్’ లాంటి ఊతమాటలు పూర్తిగా పోవాలి. ‘గివ్ దెమ్’ అనే ఆజ్ఞ మామూలు వాక్యంగా మారాలి. అయస్కాంతం, ఇసుక ఉదాహరణలు కాబట్టి వాటి స్థానంలో అవి చెబుతున్న విషయం రావాలి. అప్పుడు ఇలా వస్తుంది: ‘ఎన్ ఎక్స్‌పీరియన్స్‌డ్ టీచర్ సేస్ విలేజ్ చిల్డ్రన్ ఫియర్ టెక్స్ట్‌బుక్స్, నాట్ సైన్స్; దే లర్న్ బై డూయింగ్.’ 14 మాటలు. ఒకటి ఎక్కువైంది, ఇబ్బంది లేదు. ఇందులో వెర్బ్‌లు చూడండి. టీచర్ ఒక్కరే కాబట్టి సేస్, పిల్లలు చాలామంది కాబట్టి ఫియర్, లర్న్.

టెన్స్ విషయంలో ‘సేస్’తో మొదలుపెడితే చివరి దాకా ప్రెజెంట్‌లో, ‘సెడ్’తో మొదలుపెడితే పాస్ట్‌లో నడపండి. చాలామంది ఉపాధ్యాయులు ప్రెసీకి పాస్ట్‌నే నేర్పుతారు. మీ కోచింగ్‌లో అలా చెప్పి ఉంటే అదే పాటించండి. సగంలో దారి మార్చడం మాత్రం మార్కులు పోగొడుతుంది.

మూల పేరాలో ఇద్దరు మగవాళ్లో, ఇద్దరు ఆడవాళ్లో ఉంటే ఇంకో చిక్కు. ‘రవి సురేశ్‌తో తాను ఫెయిలయ్యానని చెప్పాడు’ అంటే మనకు అనుమానమే రాదు, ‘తాను’ దారి చూపిస్తుంది. ‘రవి టోల్డ్ సురేశ్ దట్ హి హ్యాడ్ ఫెయిల్డ్’ అంటే ఫెయిలైంది ఎవరు? ఇంగ్లిష్‌లో ‘తాను’కు సరిపోయే చిన్న మాట లేదు. వెర్బ్ మార్చి ‘రవి అడ్మిటెడ్ టు సురేశ్ దట్ హి హ్యాడ్ ఫెయిల్డ్’ అంటే రవే అని తేలిపోతుంది, ఒప్పుకునేది ఎవరి సంగతి వాళ్లే కదా. అలా కుదరకపోతే పేరు మళ్లీ రాయండి. పేరు రెండుసార్లు రావడం దోషం కాదు, ఎవరో తెలియకపోవడం దోషం.

ఆడో మగో తెలియనప్పుడు ‘దే’ వాడొచ్చా అని తప్పక అనుమానం వస్తుంది. ఒక్క మనిషికి ‘దే’ వాడటం కొత్త ఫ్యాషన్ కాదు, 14వ శతాబ్దం నుంచీ ఇంగ్లిష్‌లో ఉన్నదే. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2019లో తెచ్చిన శైలి నియమాల ఏడో ముద్రణ దాన్ని పరిశోధన పత్రాల్లోనూ ఆమోదించింది. మనిషి ఒక్కరే అయినా వెర్బ్ మాత్రం ‘దే ఆర్’, ‘దే హావ్’ అనే ఉంటుంది. అయితే మన పరీక్షల్లో పాత పద్ధతిలో దిద్దేవాళ్లు ఇంకా ఉన్నారు. ‘ఎవ్రీ క్యాండిడేట్ షుడ్ బ్రింగ్ దెయిర్ హాల్ టికెట్’ అనేదాన్ని తప్పు కింద కొట్టే అవకాశం ఉంది. సబ్జెక్ట్‌నే బహువచనం చేసేస్తే ఏ పేచీ ఉండదు: ‘ఆల్ క్యాండిడేట్స్ షుడ్ బ్రింగ్ దెయిర్ హాల్ టికెట్స్’. ‘హి ఆర్ షి’, ‘హిజ్ ఆర్ హర్’ అని ప్రతి వాక్యంలో రాస్తే చదవడానికి భారమవుతుంది.

వ్యాసంలోనూ థర్డ్ పర్సన్ నప్పుతుంది. ‘ఐ థింక్’, ‘ఇన్ మై ఒపీనియన్’ తీసేస్తే మిగిలిన వాక్యమే మీ అభిప్రాయం, అది ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ‘యు కెన్ సీ పొల్యూషన్ ఎవ్రీవేర్’ బదులు ‘పొల్యూషన్ ఈజ్ విజిబుల్ ఎవ్రీవేర్’ అనండి. ‘ఐ’ బదులు ‘వన్’ వరసగా పెట్టుకుంటూ పోకండి, కృత్రిమంగా ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు మధ్యలో మనిషి మారిపోవడం. ‘ఎ ఫార్మర్’ అని మొదలుపెట్టి, రెండో వాక్యంలో ‘దే’ అని, మూడో వాక్యంలో ‘యు షుడ్ గెట్ లోన్స్’ అని ముగించడం. పేరా మొదట్లోనే ‘ఫార్మర్స్’ అని బహువచనం ఎంచుకుంటే ‘దే’తో చివరి దాకా సాఫీగా సాగుతుంది, ఎస్ గొడవా తగ్గుతుంది. ఉత్తరాలు, దరఖాస్తులు మాత్రం మీరు మీ తరఫున రాసేవి. వాటిలో ‘ఐ’నే ఉంచండి.

ఇక రోజూ చేయాల్సిన అభ్యాసం. మీ దినచర్య గురించి పది వాక్యాలు ‘ఐ’తో రాయండి. దాన్నే మీ అమ్మ దినచర్యగా మార్చండి: ‘ఐ గెట్ అప్’ అన్నది ‘మై మదర్ గెట్స్ అప్’ అవుతుంది. అదే మళ్లీ ‘మై పేరెంట్స్’తో రాయండి. ఒకే సంగతి మూడు రూపాల్లో రాస్తే చేతికి తేడా తెలుస్తుంది. వాటిలో రెండు వాక్యాలైనా ప్రశ్నలుగా, రెండైనా ‘నాట్’తో ఉండాలి, లేకపోతే ‘డజ్’ ఎప్పటికీ అలవాటు కాదు. వారానికి రెండు రోజులు ఇంగ్లిష్ పత్రికలో పాస్ట్ టెన్స్‌లో ఉన్న ఒక చిన్న వార్త తీసుకుని ప్రెజెంట్‌లోకి మార్చండి. వార్తల్లో సబ్జెక్ట్‌లు పొడవుగా ఉంటాయి కాబట్టి ఆఫ్ ముక్కను కొట్టేసే అలవాటూ దాంతోపాటే వస్తుంది. రాసింది పైకి చదవండి, చివరి ఎస్ చెవికి వినపడేలా.

పరీక్షలో రాసేటప్పుడు ఎస్ గురించి ఆలోచించకండి, ఆలోచన ఆగిపోతుంది. చివర్లో ఐదు నిమిషాలు అట్టిపెట్టుకుని రెండుసార్లు చూడండి. మొదటిసారి ప్రెజెంట్ టెన్స్ వెర్బ్‌లు మాత్రమే. ఒక్కోదాని దగ్గర వేలు పెట్టి ఎడమవైపు సబ్జెక్ట్‌ను వెతకండి. రెండోసారి హి, షి, ఇట్, దే, దెయిర్ మాత్రమే. ఒక్కోదాని దగ్గర ‘ఎవరు?’ అని అడగండి, పై వాక్యంలో ఒక్క జవాబే దొరకాలి. రెండు పనులూ ఒకేసారి చేయబోతే రెండూ చెడతాయి. కొటేషన్ గుర్తుల మధ్య ఎవరి మాటలైనా ఉన్నవి ఉన్నట్టు రాసి ఉంటే వాటి జోలికి పోకండి. అక్కడ ‘ఐ’ ‘ఐ’గానే ఉండాలి.